పొయ్యిల సేటు బిడ్డ

సీబ్,
17 జనవరి 2025, శుక్రవారం

శ్రీలతా,

అత్తమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నువ్వు పనిచేసే మ్యాచింగ్ సెంటర్‌లో పెళ్లిళ్ల గిరాకీ మొదలైందా? ఈ కాగితాన్ని కార్గో డబ్బాలో, పాలపొడి డబ్బా కింద దుప్పటి మడతలో పెడుతున్నాను. డబ్బా విప్పేటప్పుడు నువ్వు దగ్గరుండు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. మీ అన్న ఫోన్ మీ అన్నతోనే డ్యూటీకి పోతుంది. సాయంత్రం ఆయన కలిపి ఇచ్చేసరికి అటు అత్తమ్మ స్పీకర్ పెడుతుంది, పక్కింటివాళ్లు కూడా చేరతారు. అంతమంది వింటుంటే నాకు "బాగున్నా" తప్ప మాట రాదు. రాయడమంటే అంత భయం లేదు. చదివింది ఏడో తరగతే అయినా నా చేతిరాత బాగుంటుందని మా సారు అనేవాడు.

ఇక్కడ ఒమాన్‌లో ఒక కథ నడుస్తోంది. అది ఎవరికైనా చెప్పకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు. మీ అన్న బండి నడిపే ఇంట్లో అక్తరీ బేగం అని పెద్దావిడ ఉంది. సేటు నిజాముద్దీన్‌కు తల్లి. నిజామాబాదులో పుట్టింది కాబట్టి మనతో తెలుగే మాట్లాడుతుంది, మధ్యలో ఉర్దూ కలుపుతుంది. ఆమె మనవరాలు హుమా ఇక్కడ కాలేజీలో ఇంగ్లీషు చదువుతోంది. పరీక్షకు ఒక నవల ఉందట. ఒక్కతే చదివితే నిద్ర వస్తుందని రోజూ సాయంత్రం నాన్నమ్మ దగ్గర కూచుని నాలుగు పేజీలు చదివి, వాటిని మనకు అర్థమయ్యే మాటల్లో చెబుతుంది. హాల్లో పెద్ద సోఫాలు, పైన గాజు దీపాల గుత్తి. నేనూ వింటాను.

అమెరికాలో నూరేళ్లకు పైబడిన ముచ్చట. మేబెల్ అని ఒక పిల్ల. వాళ్ల నాన్న ఎక్కడో చిన్న ఊళ్లో ఇనుప పొయ్యిలు చేయించి అమ్మి కోట్లు గడించాడు. పిల్లకు పెద్ద సంబంధం కావాలని తల్లి దాన్ని న్యూయార్కు తీసుకొచ్చి హోటల్లో దిగింది. ఆ ఊళ్లో పాత ఇళ్లవాళ్లు కొందరున్నారు. తాతల నాటి డబ్బు. ఏ పనీ చేయరు. పనిచేసి సంపాదించినవాడంటే వాళ్లకు చిన్నచూపు. ఆ ఇళ్లన్నిటిలో వంట అయ్యేది మేబెల్ నాన్న పొయ్యిల మీదే. పొయ్యి తలుపు మీద ఆయన పేరు పోతపోసి ఉంటుంది. అయినా ఆ పిల్లను ఒక్కరూ భోజనానికి పిలవరు.

ఇంకో వింత. ఆ ఆడవాళ్లు గుర్రబ్బండిలో ఒకరింటికి ఒకరు పోతారు. గుమ్మంలో పనిమనిషికి తమ పేరు అచ్చువేసిన కార్డు ఇస్తారు. ఇచ్చి, ఇంట్లోవాళ్లను చూడకుండానే తిరిగి వెళ్లిపోతారు. ఎవరు ఎవరింట్లో ముందు కార్డు ఇవ్వాలో దానికీ లెక్క ఉంది. ఇది విని బేగం, "గిదేం తమాషా? మిల్నేకు వచ్చి మిల్వకుండ పోతరా?" అంది. నాకూ అట్లాగే అనిపించింది. మన దగ్గర ఆడమనిషి వచ్చి బొట్టు పెట్టకుండా ఉత్త కార్డు పంపితే అత్తమ్మ ఆ పెళ్లికి పోతుందా చెప్పు.

మిగతాది విన్నాక రాస్తాను. దుప్పటి అత్తమ్మకు, పాలపొడి నీ టీకి.

నీ వదిన
వాణి

*

కోరుట్ల,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం

వదినా,

డబ్బా నేనే విప్పాను. ఉత్తరం రెండుసార్లు చదివాను, మూడోసారి అమ్మకు చదివి వినిపించాను. అమ్మ బీడీలు చుట్టడం ఆపి విన్నది, అంటే చూసుకో. అంతా విని, "పొయ్యిలు అమ్ముకున్నోడైతే ఏంది, పైసలు సక్కగనే ఉన్నయి గద. ఆ పాతిండ్లోళ్లకు ఏం రోగం?" అంది. రెండు రోజుల తర్వాత బీడీల చేట ముందు కూచుని ఉన్నట్టుండి, "ఆ పొయ్యిల సేటు బిడ్డను ఎవలన్న పిలిసిన్రా?" అని అడిగింది. నాకేం తెలుసమ్మా అన్నాను.

ఇప్పుడు నా ముచ్చట. నాకు సంబంధం వచ్చింది. పెద్దులు మామ లేడూ, బస్టాండు వెనక రెండంతస్తుల ఇల్లు, గులాబీ రంగు? వాళ్ల కొడుకు ఆంజి. ఒమాన్‌లోనే రుస్తాఖ్‌లో సూపర్‌వైజర్ అట. వాళ్ల ఇంటి ముందు నుంచి నేను రోజూ షాపుకు పోతాను. ఆ పై అంతస్తు గాజు కిటికీలు చూసి, ఇందులో ఎవరుంటారో అనుకునేదాన్ని. పెద్దులు మామ భార్య లసుమవ్వ మా షాపుకు వచ్చి, జాకెట్టు ముక్కకు లైనింగు అడిగి, లైనింగు వంక చూడకుండా నన్నే చూసిపోయింది. అప్పుడే అనుకున్నాను ఏదో ఉందని.

అమ్మ అన్నను అడగమంటోంది, రుస్తాఖ్ పోయి ఆ పిల్లాణ్ని చూసి రమ్మని. నేను నిన్ను అడుగుతున్నాను. సూపర్‌వైజర్‌కు ఫ్యామిలీ వీసా వస్తుంది కదా? రుస్తాఖ్ నుంచి సీబ్ ఎంత దూరం? శుక్రవారాలు నేను మీ ఇంటికి రావచ్చు, ఆ దీపాల కింద కూచుని ఇద్దరం కథ వినవచ్చు. ఆ సోఫాలు ఏ రంగు? కర్టెన్లు మ్యాచింగేనా? మా షాపుకు వచ్చేవాళ్లకు చెబుతున్నాను, మా వదిన ఉండేది విల్లాలో అని. లసుమవ్వకు కూడా అమ్మ ఆ మాట వేసింది. ఆమె ముఖం ఎట్లా వెలిగిందో చూడాల్సింది.

వదినా, ఆ మేబెల్ వాళ్లింట్లోకి ఎట్లా దూరింది? ఏదో ఉపాయం చేసే ఉంటుంది. అది తప్పకుండా రాయి. లీవు అయిపోయి వస్తున్న మన గల్లీ అతని చేతికి ఇది ఇస్తున్నాను. మామిడికాయ తొక్కు కూడా ఉంది. అన్న ఒక్కడే తినకుండా చూడు.

నీ
శ్రీలత

*

సీబ్,
21 ఫిబ్రవరి 2025, శుక్రవారం

శ్రీలతా,

సంబంధం మాట చదివి చాలా సంతోషపడ్డాను. మీ అన్నకు చెప్పాను. సేటు పని మీద రుస్తాఖ్ వైపు పోయే రోజు వస్తే చూసి వస్తానన్నాడు. సీబ్ నుంచి బండి మీద గంటన్నర అట. ఈ నెలంతా సేటు విమానాశ్రయం తప్ప ఎటూ పంపడం లేదు.

సోఫాల రంగు గోధుమ. కర్టెన్లు కూడా అదే. తొక్కు బేగంకు కొంచెం ఇచ్చాను. కళ్ల నీళ్లు పెట్టుకుని మళ్లీ అడిగింది.

ఇక మేబెల్. నువ్వన్నట్టే ఉపాయం ఉంది. ఆ ఊళ్లో పాత ఇంటి విధవ ఒకామె ఉంది. డబ్బు పోయింది, పెద్దరికం మిగిలింది. ఆమె జీతం తీసుకుని మేబెల్‌కు మర్యాదలు నేర్పుతుంది. ఏ చెంచాతో ఏది తినాలి, ఎవరికి ఎంత తల వంచాలి, ఎవరిని చూసినా చూడనట్టు ఉండాలి. పిల్ల తెలివైనది, అన్నీ పట్టేసింది. ఒక నాటకశాలలో పాత ఇళ్లన్నిటికీ పెద్ద అయిన ఇంటి కొడుకు దాన్ని చూసి మనసుపడ్డాడు. కొడుకు పోరు పడలేక తల్లి ఒకరోజు హోటల్‌కు తన బండి కట్టించుకుని స్వయంగా వచ్చింది.

మేబెల్ తల్లి కింద మీద పడి మెట్లు దిగబోయిందట. ఆ విధవ ఆపింది. "ఇంట్లో లేరని చెప్పించండి" అంది. పిల్ల పైన అద్దం ముందే ఉంది. పనిమనిషి కిందికి పోయి, "అమ్మాయిగారు ఇంట్లో లేరు" అని చెప్పింది. పెద్దింటి అమ్మ కార్డు ఇచ్చి వెళ్లిపోయింది. "ఎప్పుడంటే అప్పుడు దొరికే మనిషికి విలువ ఉండదు, రెండోసారి రానివ్వండి" అంది విధవ. నిజంగానే మూడో రోజు బండి మళ్లీ వచ్చింది. ఈసారి పూలు, భోజనానికి పిలుపు కూడా. ఆ ఊళ్లో ఇంట్లో ఉండి లేరని చెప్పించడం అబద్ధం కాదట, మర్యాదేనట. వచ్చినవాళ్లకూ తెలుసు, చెప్పినవాళ్లకూ తెలుసు.

హుమా ఇది చదివేటప్పుడు నవ్వుతూనే ఉంది. "ఈ రచయిత్రి వాళ్లను ఎగతాళి చేస్తోంది ఆంటీ" అంది. నేను అంత జాగ్రత్తగా విన్నాను కదా, ఎక్కడ ఎగతాళి చేసిందో నాకు తెలియలేదు. అనుకున్న పని అయింది, పూలు వచ్చాయి, ఇంకేం కావాలి? ఎగతాళి అయితే ఆ పిల్ల కిందపడాలి కదా. బేగంను అడిగితే, "పెద్దోళ్ల ఇండ్లల్ల గట్లనే ఉంటది వాణీ, హమారే సాస్ భీ ఐసీచ్ థీ" అంది. వాళ్ల అత్త కూడా అంతేనట.

పెళ్లిచూపులకు ఏ చీర కట్టుకుంటావో రాయి.

నీ వదిన
వాణి

*

కోరుట్ల,
16 మార్చి 2025, ఆదివారం

వదినా,

చీర కట్టే అవసరం రాలేదు. జరిగింది మొదటి నుంచి రాస్తాను.

ఈ నెల మొదటి ఆదివారం, షాపు సెలవు. నేను తల అంటుకుని వెంట్రుకలు ఆరబెట్టుకుంటున్నాను. పెద్దులు మామ, లసుమవ్వ చెప్పకుండా వచ్చారు. గల్లీ మొదట్లోనే నాకు కనబడ్డారు. చేతిలో అరటిపండ్లు. నీ ఉత్తరం వచ్చి రెండు రోజులే అయింది. నేను లోపలికి ఉరికి అమ్మతో, "నేను ఇంట్ల లేనని చెప్పు" అన్నాను.

"ఎందుకే?"

"మేబెల్ గట్లనే చేసింది. రెండోసారి పూలతోని వస్తరు. చెప్పమ్మా."

అమ్మకు ఆ కథ నాకంటే బాగా తెలుసు కదా, సరేనంది. నేను వంటింటి పరదా వెనక నిలబడ్డాను.

వదినా, మీ పుస్తకంలో ఎవరూ వెనక్కి ప్రశ్న అడగరు. ఇక్కడ అట్లా ఉంటుందా? అమ్మ, "పిల్ల ఇంట్ల లేదు" అనగానే లసుమవ్వ, "ఏడికి పోయింది?" అంది. అమ్మ అబద్ధం ఒక్కటే తయారు చేసుకుంది. రెండోది లేదు.

"తెల్వది" అంది.

"తెల్వదా? ఎవలతోని పోయింది?"

"తెల్వది."

"ఎప్పుడొస్తదో?"

"గదీ చెప్పలే."

పెద్దులు మామ అరటిపండ్లు అరుగు మీద పెట్టి, "పోదాం పా" అన్నాడు. చాయ్ కూడా తాగలేదు. ఆదివారం పూట, షాపు సెలవు, ఇరవై ఏళ్ల పిల్ల ఎక్కడికి పోయిందో, ఎవరితో పోయిందో, ఎప్పుడొస్తుందో తల్లికి తెలియదు. దీనికి ఊళ్లో ఏమంటారో నీకు నేను చెప్పాలా?

రెండు వారాలైంది. కబురు లేదు. పూలు లేవు. మా షాపు సేటు కూడా, "ఆదివారం ఏడికి పోయినవమ్మా?" అని నవ్వుతూ అడిగాడు. ఎదురింటివాళ్లు అరుగు మీదే కూచుని మా మాటలన్నీ విన్నారు కదా. ఇంట్లోనే ఉన్నానంటే ఎవరూ నమ్మరు. నమ్మినా, పెద్దమనుషులు వస్తే లేనని చెప్పించిన పొగరుబోతు పిల్లనవుతాను.

అమ్మ నాతో మాట్లాడటం లేదు. చేటతోనే మాట్లాడుతోంది. "ఏడికి పోయింది అని అడిగితె ఏమనాల్నో గా పుస్తకంల రాసి ఉండదా?" అని చేటను అడుగుతోంది.

నీకు ఎగతాళి ఎక్కడుందో కనబడలేదన్నావు. ఇప్పుడు కోరుట్లకు వచ్చి చూడు.

శ్రీలత

*

సీబ్,
4 ఏప్రిల్ 2025, శుక్రవారం

శ్రీలతా,

నీ ఉత్తరం రంజాన్ పండగ రోజే అందింది. వంటపని మధ్య పొయ్యి దగ్గరే నిలబడి చదివాను. షీర్ ఖుర్మా పాయసం అడుగంటింది. బేగమే వచ్చి గిన్నె దింపింది.

తప్పు నాది. హుమాను మళ్లీ అడిగాను, ఎగతాళి ఎక్కడుంది చెప్పమని. ఆమె ఓపికగా చెప్పింది. పైన అద్దం ముందు పిల్ల ఉంది, కింద తల్లి గుండె దడదడలాడుతోంది, గుమ్మంలో పెద్దింటి అమ్మ మనసులో ఇష్టం లేకుండా నిలబడింది. ముగ్గురికీ నిజం తెలుసు. ముగ్గురూ ఒకరికొకరు అబద్ధం అప్పజెప్పుకుని దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నారు. అదే ఎగతాళి అంది. నేను పూలు రావడం ఒక్కటే చూశాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను.

నేను ఆ సోఫాల మీద కూచుని కథ వినలేదు. హాలుకు, వంటింటికి మధ్య గుమ్మం ఉంది. అక్కడ చిన్న పీట వేసుకుని పుదీనా తుంచుతూనో, బియ్యం ఏరుతూనో వింటాను. నా వీసా కాగితాలు కావడానికి సేటు సాయం చేశాడు. దానికి బదులు నేను ఆ ఇంట్లో వంటపని చేస్తున్నాను. మేముండేది విల్లా గేటు పక్కన ఒక్క రూమ్. మీ అన్న ఇది ఇంట్లో చెప్పవద్దన్నాడు. నేను అబద్ధం రాయలేదు. "నేనూ వింటాను" అని మాత్రమే రాశాను. నువ్వు సోఫా మీద కూచున్నానని అనుకుంటావని నాకు తెలుసు. తెలిసే దిద్దలేదు. నువ్వు అట్లా అనుకుంటే బాగుంటుందనిపించింది.

పని అంటే కష్టమేమీ లేదు. బేగం మంచిది. మీ అన్నకు అంతా చెప్పాను. "పుస్తకం జూసి పెండ్లిచూపులు చేస్తరా మీరు" అని ఒక పూట అన్నం తినలేదు. తర్వాత ఆంజికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మళ్లీ ఎత్తలేదు.

అత్తమ్మ నన్ను ఎన్ని మాటలన్నా పడతాను. నువ్వు మాత్రం రాయడం మానకు.

వాణి

*

కోరుట్ల,
20 ఏప్రిల్ 2025, ఆదివారం

వదినా,

వంటింట్లో కూచుని విన్నానని ముందే రాస్తే ఏమయ్యేది? నేను కథ వినకపోయేదాన్నా? షాపులో ఎంతమందికి నీ గాజు దీపాల గురించి చెప్పానో. ఒకామె తన కూతురి గృహప్రవేశానికి అదే రంగు కర్టెన్లు కావాలని గోధుమ రంగు గుడ్డ పది మీటర్లు తీసుకుపోయింది.

అమ్మకు చదివి వినిపించాను. చుట్టిన బీడీనే విప్పి మళ్లీ చుట్టింది. తర్వాత, "దానికి ఆడ ఎవలన్న ఉన్నరా తోడు, ఒక్కతే అందరికి వండుతదా?" అంది. అది నీ మీద కోపం కాదని నాకు తెలుసు. కానీ పెద్దులు మామ వాళ్లకు విల్లా మాట వేసింది అమ్మే కదా. ఆ సిగ్గుతో బస్టాండు వైపు పోవడం మానేసింది. నేను కూడా చుట్టు తిరిగి షాపుకు పోతున్నాను.

నా బాధ ఆ గులాబీ ఇంటి కోసం కాదు. ఆంజి ఎవరో నేను చూడను కూడా లేదు. నేను ఎవరితోనో పోయానని వాళ్లు అనుకోవడమే నన్ను తినేస్తోంది. ఇంకో సంబంధం వస్తే అదే మాట ముందు పోతుంది.

ఇక కథ పంపకు. మాకు వద్దు.

శ్రీలత

మేబెల్‌కు పెళ్లయిందా లేదా, అది ఒక్కటి రాయి. అమ్మ అడుగుతోంది.

*

సీబ్,
9 మే 2025, శుక్రవారం

శ్రీలతా,

ఈ ఉత్తరం రేపు విమానంలో పోతున్న మనిషి చేతికి ఇస్తున్నాను. నిదానంగా చదువు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం గేటు దగ్గర ఒక అబ్బాయి నిలబడ్డాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో ఖర్జూరాల డబ్బా. ఎండకు ముఖం నల్లబడి ఉంది. "భూమేశన్న ఉన్నడా?" అన్నాడు. మీ అన్న విమానాశ్రయానికి పోయాడు. పరాయి మగవాళ్లతో నేను మాట్లాడనని నీకు తెలుసు. లోపలికి పోయి బేగంకు చెప్పాను. బేగం వరండాలో కుర్చీ వేయించి అతన్ని కూచోబెట్టి, తాను ఎదురుగా కూచుంది.

"ఎవరి కొడుకువి?"

"కోరుట్ల పెద్దులు కొడుకునమ్మా. ఆంజి అంటరు."

నేను నీళ్ల గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను.

"క్యా కామ్ కర్తే? ఏం పని?"

అతను తల వంచుకున్నాడు. "షట్టరింగ్ కార్పెంటర్‌నమ్మా. సూపర్‌వైజర్ అని మా ఇంట్ల చెప్పిన్రు. నేను కాదు. వద్దనే అన్న, వినలే. భూమేశన్న ఫోన్ చేస్తె అందుకే ఎత్తలే. ఇగ దాచుడు నాతోని కాదు, ఎదురుంగ చెప్పి పోదామని వచ్చిన."

తర్వాత అతను చెప్పింది విను. మీ ఇంటికి వచ్చిన రోజు వాళ్లకు పరదా కింద నీ పాదాలు కనబడ్డాయట. నువ్వు ఇంట్లోనే ఉన్నావని లసుమవ్వకు అప్పుడే తెలుసు. ఎవరితోనో పోయావని వాళ్లు ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఒమాన్‌లో భూమేశ్ విచారించి ఆంజి సూపర్‌వైజర్ కాదని ఇంటికి చెప్పాడు, అందుకే పిల్ల దాక్కుంది, తల్లి మర్యాదగా తెల్వది తెల్వది అని పంపేసింది, అనుకున్నారట. అడగటానికి ముఖం లేక అంతటితో ఊరుకున్నారు. "మీరు విల్లాల ఉండేటోళ్లు, మాకెందుకు దొరుకుతరని మా అమ్మ ఒకటే ఏడుపు" అన్నాడు.

బేగం నావైపు చూసింది. అతనికి నిజం తెలిసే దారి నేను తప్ప లేదు. శ్రీలతా, నేను గుమ్మం దాటి వరండాలోకి వచ్చి నిలబడి చెప్పాను. మీ అన్న ఎవరినీ విచారించలేదని. నేను ఈ ఇంట్లో వంటమనిషినని. పిల్ల దాక్కున్నది అతని పని తెలిసి కాదని, నేను రాసిన కథ విని అని. మొదలుపెట్టాక ఆగలేదు. పొయ్యిలు, కార్డులు, విధవ, పూలు అన్నీ చెప్పాను. అతను నవ్వలేదు. నోరు తెరిచి విన్నాడు. అంతా అయ్యాక, "మల్ల ఆ పిల్ల ఏమైంది?" అన్నాడు.

బేగం కడుపు పట్టుకుని నవ్వింది. "సబ్ కా వహీ సవాల్" అంది. అందరిదీ అదే ప్రశ్నట.

మేబెల్‌కు పెళ్లయింది. ఆ పెద్దింట్లోకే పోయింది. అత్త పోయాక ఆ ఊరికంతటికీ తనే పెద్ద అయింది. ఎవరింటికి ఎవరు పోవాలో తనే చెప్పేది. మొన్న హుమా చివరి పేజీలు చదివింది. ఒకరోజు వాన పడుతోంది. పాత కోటు వేసుకుని పొయ్యిల సేటు వచ్చాడు, చెప్పకుండా, బిడ్డను చూడాలని. పైన పెద్ద విందు నడుస్తోంది. గుమ్మంలో పనివాడికి ఆయన ఎవరో తెలియదు. కార్డు అడిగాడు. కార్డు లేదన్నాడు సేటు. "అమ్మగారు ఇంట్లో లేరు" అన్నాడు పనివాడు. మేబెల్‌కు మెట్ల మీద నుంచి నాన్న గొంతు వినబడింది. అతిథులు చూస్తున్నారు. దిగలేదు. పుస్తకం అక్కడితో అయిపోయింది.

బేగం ఇంకో పేజీ ఉంటుందని పుస్తకం లాక్కుని తిప్పి చూసింది. లేదు. ఇంత ఎత్తుకు పోయిన మనిషికి నాలుగు మెట్లు దిగడం ఎందుకు చేత కాలేదో నాకు అంతుపట్టడం లేదు. నీకేమైనా తెలిస్తే రాయి.

ఆంజి పోయేటప్పుడు ఇంకో మాట చెప్పాడు. అతని జీతానికి ఫ్యామిలీ వీసా రాదు. పెళ్లయితే నువ్వు కోరుట్లలోనే ఉండాలి, అతను రెండేళ్లకోసారి వస్తాడు. ఇది తప్పకుండా రాయమన్నాడు. అతని నంబరు కింద రాశాను. కాగితాన్ని ఏం చేస్తావో నీ ఇష్టం. నేను ఏ ఉపాయమూ చెప్పను.

నీ వదిన
వాణి

*

కోరుట్ల,
1 జూన్ 2025, ఆదివారం

వదినా,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించకముందే చెప్పులు వేసుకుని బయల్దేరాను. చదివితే ఆపుతుందని. బస్టాండు వెనక గులాబీ ఇంటికి, పట్టపగలు, ఒక్కదాన్నే పోయాను. సంబంధం మాట్లాడుతున్న పిల్ల పెళ్లికి ముందు అత్తగారింటికి నడిచిపోవడం ఈ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. గల్లీలో ఇద్దరు ముగ్గురు తలుపుల్లోకి వచ్చి నిలబడ్డారు.

లసుమవ్వ మిరపకాయలు ఎండబోస్తోంది. నన్ను చూసి చేట కింద పెట్టింది. నేను దారిపొడవునా అనుకున్న మాటలన్నీ పోయాయి. "మా వదిన విల్లాల వంట చేస్తది, విల్లా మాది కాదు" అన్నాను ముందుగా. ఆమె కాసేపు నా ముఖంలోకి చూసి, "మావోడు చెక్కలు కొడ్తడు బిడ్డా" అంది. తర్వాత ఆమె నా చెయ్యి పట్టుకుని పై అంతస్తుకు తీసుకుపోయింది. వదినా, రోడ్డు వైపు గోడకు మాత్రమే రంగు, గాజు కిటికీలు. లోపల ప్లాస్టరు లేదు, తలుపులు లేవు. ఇటుకల మీద పావురాలు కూచున్నాయి. "పైసలు వచ్చినప్పుడల్ల ముందటిదే చేసుకుంట వచ్చినం" అంది.

చాయ్ పెట్టింది, తాగాను. గల్లీలో ఎవరో "ఎవల పిల్ల?" అని అడిగితే, "యాదవ్వ బిడ్డ. నన్ను చూడనీకి వచ్చింది" అని గట్టిగా చెప్పింది. ఆ ఒక్క మాటతో ఆదివారం సంగతి ఊళ్లో సర్దుకుంటుందని నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు షాపు సేటు ఏమీ అడగడం లేదు.

నీ ప్రశ్నకు జవాబు నాకూ తెలియదు. అమ్మ మాత్రం, "మొదటి మెట్టు కష్టం, తర్వాతవి కాళ్లే దిగుతయి" అంది. అని, ఆ సేటు వానలో ఎట్లా పోయాడో, గొడుగు ఉందో లేదో అని కళ్లు తుడుచుకుంది.

ఆంజికి ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టలేదు, డాబా మీదికి పోయి చేశాను. నువ్వు చేసే పని ఏంది, రోజంతా ఏం చేస్తవు, అని అడిగాను. నిజంగానే తెలుసుకోవాలనిపించింది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. స్లాబు పోసే ముందు కింద చెక్కలు ఎట్లా బిగిస్తారు, వాటికి ఊతంగా జాకీలు ఎక్కడ పెడతారు, సిమెంటు కారకుండా సందులు ఎట్లా మూస్తారు. ఎండ ఎక్కువైతే మధ్యాహ్నం పని ఆపేస్తారట. తడి సిమెంటు బరువంతా కొన్నాళ్లు ఆ చెక్కలే మోస్తాయట. తీసే రోజున అతను కింద నిలబడి ఒక్కో చెక్కా తట్టి, చప్పుడు విని తీస్తాడట. తీశాక ఎవరూ చెక్కల గురించి అడగరు అన్నాడు, బాధగా కాదు, ఊరికే. నేను మధ్యలో ఎన్ని ప్రశ్నలు వేశానో. గంట దాటింది. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, వీసా గురించి అడగనే లేదు.

కిందికి వచ్చేసరికి అమ్మ బీడీల కట్టకు దారం చుడుతోంది.

"ఏమన్నడే అంతసేపు?"

"స్లాబు కింది చెక్కలు ఎన్ని రోజులకు తియ్యాల్నో చెప్పిండు."

అమ్మ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. దారం తెంపి కట్ట పక్కన పెట్టింది.

"అయితె పెండ్లి ఎప్పుడు పెట్టుకుందాం?"

శ్రావణంలో అన్నాను.

నీ
శ్రీలత